వీసీపీయూకి ఇచ్చిన పేజీని ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు?

తమ్ముడూ, నీ ప్రశ్న, దాంతోపాటు పంపిన కోడ్ రెండూ చదివాను. ఇది చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కాబట్టి ముందు నీ సమస్య నాలుగు మాటల్లో చెప్తాను. ఒంగోలులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా, లైనక్స్ కెర్నల్ మాడ్యూల్ రూపంలో ఒక చిన్న హైపర్‌వైజర్ (మెషీన్ లోపల ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్; లోపల నడిచేది గెస్ట్, బయటి అసలు సిస్టమ్ హోస్ట్) రాస్తున్నావు. ఇంటెల్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. గెస్ట్‌కి నాలుగు వీసీపీయూలు (గెస్ట్ తన ప్రాసెసర్లు అనుకునేవి), 2 జీబీ మెమరీ. మొదటిసారి గెస్ట్ శుభ్రంగా బూట్ అవుతుంది. ఆపి మళ్లీ మొదలుపెడుతూ పోతే కాసేపటికి హోస్టే పడిపోతుంది. అది కూడా ప్రతిసారీ ఒకే చోట కాదు, ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఇంకోసారి వైఫై డ్రైవర్‌లో. కొన్నిసార్లు వీసీపీయూ తయారుచేసే దగ్గరే మెమరీ లేదని ఎర్రర్ వస్తుంది, చూస్తేనేమో రెండు జీబీకి పైగా ఖాళీగా ఉంటుంది. ర్యామ్ 16 జీబీకి పెంచితే పోతుందా, అసలు ఒక్కో వీసీపీయూకి ఎంత కేటాయించాలి అని అడిగావు.

ర్యామ్ మీద డబ్బు పెట్టొద్దు. నీది మెమరీ తక్కువై వచ్చిన సమస్య కాదు. నేను కావలి నుంచి రాస్తున్నాను, కొన్నేళ్లుగా హైపర్‌వైజర్ కోడ్ మీదే పని. ఈ పనిలో "ఎంత ఇవ్వాలి" అన్నది తేలిగ్గా తేలిపోయే ప్రశ్న. తేలనిది వేరే ఉంది. నువ్వు ఇచ్చిన ప్రతి పేజీనీ ఎవరు చూస్తున్నారు, నీ కోడా, ప్రాసెసరా? ప్రాసెసర్ అయితే ఎప్పటిదాకా చూస్తుంది? నీ రెండు సమస్యలూ ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల వచ్చినవే.

ముందు "ఎంత" సంగతి త్వరగా ముగిద్దాం. ఇంటెల్‌లో ఒక వీసీపీయూకి వీఎంసీఎస్ (గెస్ట్ స్థితినీ, దాన్ని నడిపే సెట్టింగులనీ ప్రాసెసర్ చూసుకునే చోటు) ఒక పేజీ, అంటే 4 కేబీ. ఏ ఎంఎస్ఆర్‌ని (ప్రాసెసర్ ప్రత్యేక రిజిస్టర్) గెస్ట్ నేరుగా ముట్టుకోవచ్చో చెప్పే ఎంఎస్ఆర్ బిట్‌మ్యాప్ ఇంకో 4 కేబీ. వర్చువల్ ఏపిక్ (ఇంటరప్ట్ కంట్రోలర్) వాడితే దానికి మరో పేజీ. యూజర్ స్పేస్‌తో సమాచారం పంచుకోవడానికి ఒక పేజీ. రిజిస్టర్లు దాచుకునే నీ సొంత స్ట్రక్చర్ ఎలాగూ ఉంటుంది. ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కల యూనిట్) స్థితి దాచే చోటు మాత్రం ప్రాసెసర్‌ని బట్టి మారుతుంది. ఏఎంఎక్స్ (మ్యాట్రిక్స్ లెక్కల సౌకర్యం) ఉన్న సర్వర్ చిప్‌లలో టైల్ డేటాకే 8 కేబీ కావాలి. అందుకే ఆ సైజుని కోడ్‌లో రాసేయకుండా సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్‌ని అడిగి తెలుసుకోవాలి. ఇవన్నీ కలిపినా వీసీపీయూకి కొన్ని పదుల కేబీలు. నాలుగు వీసీపీయూల కోసం 8 జీబీ మెషీన్ ఇబ్బంది పడే పరిస్థితే లేదు.

మరి ఖాళీ ఉండి కూడా ఎర్రర్ ఎందుకు? నీ కోడ్‌లో వీసీపీయూ స్ట్రక్చర్ ఒకటే పెద్ద ముద్ద. వీఎంసీఎస్, బిట్‌మ్యాప్‌లు, ఎఫ్‌పీయూ, స్టాక్, పేజీ టేబుళ్ల కోసం పెట్టుకున్న పూల్, అన్నీ అందులోనే. మొత్తం 256 కేబీ, దాన్ని కెర్నల్ అలొకేషన్ ఫంక్షన్ కేమాలక్‌తో ఒకేసారి అడుగుతున్నావు. కేమాలక్ ఇచ్చేది ఫిజికల్ మెమరీలో పక్కపక్కనే ఉన్న పేజీలు. 256 కేబీ అంటే వరుసగా 64 పేజీలు, కెర్నల్‌లో పేజీలు పంచే బడ్డీ అలొకేటర్ లెక్కలో ఆర్డర్ 6 (ఆర్డర్ 0 అంటే ఒక పేజీ, ఆర్డర్ ఒకటి పెరిగితే పేజీలు రెట్టింపు). మన చీమకుర్తి క్వారీల్లో రాయికి కొదవ ఉండదు, కానీ పగుళ్లు లేని పెద్ద బ్లాక్ కావాలంటే చుట్టూ పడి ఉన్న ముక్కలన్నీ కలిపినా రాదు. నీ రెండు జీబీ ఖాళీ కూడా ముక్కల ఖాళీ. ప్రాక్‌లో బడ్డీఇన్‌ఫో ఫైల్ తెరిచి చూడు. చిన్న ముక్కల లెక్క ఉండే ఎడమవైపు గళ్లలో వేలకొద్దీ అంకెలు, పెద్ద ముక్కల లెక్క ఉండే కుడివైపుకి పోయేకొద్దీ సున్నాలు కనిపిస్తాయి. బ్రౌజర్ తెరిచి రెండు గంటలు వాడిన ల్యాప్‌టాప్‌లో అది మామూలే.

ఆర్డర్ 3 వరకు, అంటే 32 కేబీ వరకు, కెర్నల్ ఎలాగైనా ఇవ్వాలని గట్టిగా ప్రయత్నిస్తుంది. అది దాటితే కాసేపు చూసి చేతులెత్తేస్తుంది. దీనికి తోడు నువ్వు జీఎఫ్‌పీ అటామిక్ ఫ్లాగ్ పెట్టావు. ఆ ఫ్లాగ్‌తో అడిగితే కెర్నల్ ఆగి పేజీలు సర్దే వీలు ఉండదు. అప్పటికప్పుడు చేతిలో ఉంటే ఇస్తుంది, లేకపోతే లేదు. అది ఎందుకు పెట్టావో కూడా కోడ్ చూస్తే తెలుస్తోంది. వీసీపీయూల పట్టిక మీద స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) పట్టుకుని, లాక్ లోపలే అలొకేషన్ చేస్తున్నావు. స్పిన్‌లాక్‌లో నిద్రపోకూడదు కాబట్టి ఆగి ఎదురుచూసే జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్ పెడితే వార్నింగ్ వచ్చి ఉంటుంది. వార్నింగ్ పోవడానికి ఫ్లాగ్ మార్చావు. మార్చాల్సింది ఫ్లాగ్‌ని కాదు, అలొకేషన్‌ని లాక్ బయటికి తేవాలి.

లైనక్స్‌లోనే ఉన్న హైపర్‌వైజర్ కేవీఎం ఈ పని ఎలా చేస్తుందో వరుస గమనించు. కొత్త వీసీపీయూ కావాలని యూజర్ స్పేస్ అడగగానే మ్యూటెక్స్ (నిద్రపోనిచ్చే లాక్) పట్టుకుంటుంది. ఇప్పటికి ఎన్ని తయారయ్యాయో చూసి, పరిమితి దాటకపోతే ఆ లెక్కని ఒకటి పెంచి, వెంటనే లాక్ వదిలేస్తుంది. అంటే ముందు చోటు రిజర్వ్ చేసుకుంది. అలొకేషన్లన్నీ లాక్ లేకుండా, నిద్రపోయే స్వేచ్ఛతో, తీరిగ్గా జరుగుతాయి. ఎక్కడైనా విఫలమైతే అంతవరకు తీసుకున్నవి వెనక నుంచి ముందుకి ఒక్కొక్కటే వదిలి, పెంచిన లెక్కని తగ్గిస్తుంది. అన్నీ దొరికితే మళ్లీ లాక్ పట్టుకుని పట్టికలో పెడుతుంది. ఇక్కడ ఇంకో లెక్క ఉంది, ఆన్‌లైన్‌లో ఎన్ని వీసీపీయూలు ఉన్నాయన్నది. దాన్ని అన్నిటికన్నా చివర, రైట్ బ్యారియర్ (ముందు రాసినవి ముందే కనపడేలా చూసేది) పెట్టాకే పెంచుతుంది. ఆ లెక్క చూసి పట్టికలోకి వచ్చే వేరే కోర్‌కి సగం కట్టిన వీసీపీయూ ఎప్పుడూ కనపడకూడదు కదా. నీ కోడ్‌లో పాయింటర్‌ని ముందు పట్టికలో పెట్టేసి ఆ తర్వాత లోపలివి నింపుతున్నావు. నాలుగు వీసీపీయూలు ఒకేసారి లేచే సమయంలో ఇది ఏదో ఒక రోజు కొడుతుంది.

మిగతాచోట్ల కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. గెస్ట్ పేజ్ ఫాల్ట్‌కి కొత్త ఈపీటీ టేబుల్ (గెస్ట్ అడ్రస్‌ని అసలు ఫిజికల్ అడ్రస్‌గా మార్చే పట్టిక) కావాలి, కానీ ఆ సమయంలో ఆ పట్టికల్ని కాపాడే ఎంఎంయూ లాక్ చేతిలో ఉంటుంది. కేవీఎం ఆ లాక్ పట్టుకోకముందే వీసీపీయూ దగ్గర ఉండే చిన్న నిల్వలో సరిపడా పేజీలు నింపుకుంటుంది. లాక్ లోపల ఆ నిల్వలోంచి తీయడమే, అలొకేటర్ జోలికి పోదు. నీ పూల్ ఆలోచన కూడా దీనికి దగ్గరగానే ఉంది, బాగుంది. దాన్ని స్ట్రక్చర్‌లో అతికించకుండా, విడివిడి పేజీల జాబితాగా పెట్టుకో.

కాబట్టి ముద్దని విడగొట్టు. చిన్న స్ట్రక్చర్ ఒకటి కేజడ్‌అలాక్‌తో (సున్నాలతో నింపి ఇచ్చే కేమాలక్), హార్డ్‌వేర్ చూసే ప్రతిదానికీ విడిగా ఒక పూర్తి పేజీ. ప్రతి అలొకేషనూ ఆర్డర్ 0 అయితే ముక్కల సమస్యే రాదు. విడగొట్టడంలో ఇంకో లాభం, అలైన్‌మెంట్. వీఎంసీఎస్, బిట్‌మ్యాప్‌లు 4 కేబీ సరిహద్దు మీదే మొదలవ్వాలి. స్ట్రక్చర్ మధ్యలో అర్రేగా పెడితే దానికి ముందు ఒక ఫీల్డ్ చేర్చిన రోజు అలైన్‌మెంట్ తప్పిపోతుంది. ఒక హెచ్చరిక కూడా. ముద్ద దొరకట్లేదని వీమాలక్‌కి (వర్చువల్ అడ్రస్‌లో మాత్రమే వరుసగా ఉండే మెమరీ ఇచ్చేది) మారదామని ప్రశ్నలో రాశావు. వీమాలక్ ఇచ్చిన అడ్రస్‌ని ఫిజికల్ అడ్రస్ లెక్కగట్టే వర్ట్ టు ఫిజ్‌కి ఇస్తే తప్పు ఫిజికల్ అడ్రస్ వస్తుంది, నువ్వు దాన్నే తీసుకెళ్లి వీఎంసీఎస్‌లో రాస్తావు. ప్రాసెసర్ మారుమాట లేకుండా ఎవరిదో పేజీని నీ బిట్‌మ్యాప్ అనుకుని చదువుతుంది. నీ కోడ్ మాత్రమే చూసే డేటా వీమాలక్‌లో ఉండొచ్చు, ప్రాసెసర్ చూసేది ఉండకూడదు.

ఏఎండీ మెషీన్ మీదికి తీసుకెళ్లాలంటే మాత్రం ఆర్డర్ 0 సరిపోదు. అక్కడ వీఎంసీఎస్ లాంటి వీఎంసీబీ ఒక పేజీయే అయినా, ఎంఎస్ఆర్ పర్మిషన్ మ్యాప్ 8 కేబీ, ఐఓ పర్మిషన్ మ్యాప్ 12 కేబీ, ఫిజికల్‌గా వరుసగా ఉండాలి. ఇవి చిన్న ఆర్డర్లే కాబట్టి భయం లేదు.

ఇక హోస్ట్ పడిపోయే సంగతి. ఇది అర్థం చేసుకోవడానికి కొంచెం ఓపిక పట్టు, నీ ప్రాజెక్టు మొత్తంలో నేర్చుకోదగ్గ విషయం ఇదే.

వీఎంసీఎస్ పేజీ నువ్వు అలొకేట్ చేశావు, హెక్స్ 480 నంబర్ ఎంఎస్ఆర్ నుంచి రివిజన్ నంబర్ చదివి మొదటి నాలుగు బైట్లలో పెట్టావు, అంతవరకు సరిగ్గా ఉంది. దాన్ని ప్రాసెసర్‌లో లోడ్ చేసే వీఎంపీటీఆర్‌ఎల్‌డీ ఇన్‌స్ట్రక్షన్ నడిపిన క్షణం నుంచి ఆ పేజీ నీది కాదు. ఆ వీఎంసీఎస్‌లోని విలువల్ని ప్రాసెసర్ తన లోపల ఉంచుకోవచ్చు, మెమరీలోకి ఎప్పుడు రాస్తుందన్నది దాని ఇష్టం. ఇంటెల్ మాన్యువల్ ఈ విషయంలో ఏ హామీ ఇవ్వదు. అందుకే ఆ పేజీని మామూలుగా చదవొద్దు, రాయొద్దు, వీఎంరీడ్, వీఎంరైట్ మాత్రమే వాడమంటుంది. లోపల ఉన్నదంతా మెమరీలోకి రాసేసి, ఆ పేజీతో ప్రాసెసర్ తన సంబంధం తెంచుకునే ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటే ఉంది, వీఎంక్లియర్.

నీ కోడ్‌లో గెస్ట్‌ని ఆపే ఫంక్షన్ చూడు. థ్రెడ్ ఆగాక నేరుగా పేజీని ఫ్రీ చేస్తున్నావు, వీఎంక్లియర్ లేదు. ఏం జరుగుతుందో వరసగా ఊహించు. కోర్ 2 మీద నడిచిన వీసీపీయూ వీఎంసీఎస్ ఆ కోర్‌లో ఇంకా యాక్టివ్‌గానే ఉంది. పేజీ బడ్డీ అలొకేటర్‌కి చేరింది. ఫైల్ సిస్టమ్‌కి ఒక పేజీ కావాల్సి వచ్చి దాన్నే తీసుకుని ఐనోడ్లు (ఫైళ్ల వివరాలు) పెట్టుకుంది. నువ్వు గెస్ట్‌ని మళ్లీ మొదలుపెట్టావు, కోర్ 2 కొత్త వీఎంసీఎస్ లోడ్ చేసుకుంటూ పాతదాన్ని దాని పాత ఫిజికల్ అడ్రస్‌లోకి రాసేసింది. ఐనోడ్ల మీద వీఎంసీఎస్ బైట్లు పడ్డాయి. ఆ తర్వాత ఎప్పుడో ఫైల్ సిస్టమ్ ఆ పాయింటర్ పట్టుకుంటే హోస్ట్ పడిపోయింది. పడిపోయిన చోటికీ, తప్పు జరిగిన చోటికీ సంబంధమే ఉండదు. ఆ పేజీ ఎవరికి దక్కితే వాళ్లు క్రాష్ అవుతారు, అందుకే నీకు ఒక్కోసారి ఒక్కో చోట. మొదటిసారి బాగానే నడవడానికి కారణం కూడా ఇదే, అప్పటికి ఇంకా ఏదీ ఫ్రీ కాలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వీఎంక్లియర్‌ని ఏ కోర్ మీద పడితే ఆ కోర్ మీద చేస్తే లాభం లేదు. యాక్టివ్‌గా ఉన్నది కోర్ 2లో, నీ ఆపే కమాండ్ వచ్చింది కోర్ 0 మీద. కోర్ 0లో వీఎంక్లియర్ చేస్తే కోర్ 2 లోపల దాచుకున్నది అలాగే ఉండిపోతుంది. కాబట్టి ప్రతి వీసీపీయూ తను చివరగా ఏ కోర్ మీద లోడ్ అయిందో గుర్తుపెట్టుకోవాలి. ఆ కోర్‌కి ఐపీఐ (కోర్ నుంచి కోర్‌కి పంపే ఇంటరప్ట్) పంపి, అక్కడ వీఎంక్లియర్ చేయించి, అది అయిపోయిందని తెలిశాకే పేజీ వదలాలి. కేవీఎంలో ఎస్ఎంపీ కాల్ ఫంక్షన్ సింగిల్‌తో జరిగేది అదే. షెడ్యూలర్ నీ థ్రెడ్‌ని కోర్ 2 నుంచి కోర్ 3కి మార్చినప్పుడు కూడా ఇదే పని. ముందు పాత కోర్‌లో క్లియర్, తర్వాతే కొత్త కోర్‌లో లోడ్. క్లియర్ అయిన వీఎంసీఎస్‌ని మళ్లీ వీఎంరెజ్యూమ్‌తో మొదలుపెట్టలేవు, వీఎంలాంచ్ వాడాలి. మాడ్యూల్ దింపేటప్పుడు వర్చువలైజేషన్ మోడ్ ఆపే వీఎంఎక్స్ఆఫ్‌కి ముందు ఆ కోర్‌లో యాక్టివ్‌గా ఉన్నవన్నీ క్లియర్ చెయ్యి. ఆ మోడ్ మొదలుపెట్టే వీఎంఎక్స్ఆన్ కోసం కోర్‌కొకటి ఇచ్చిన పేజీని మాత్రం వీఎంఎక్స్ఆఫ్ తర్వాతే ఫ్రీ చెయ్యాలి.

ఈపీటీ పేజీలకి కూడా ఇదే నియమం, వేరే రూపంలో. ఒక టేబుల్ పేజీని తీసేస్తే దాని అనువాదాలు కోర్ల టీఎల్‌బీల్లో (అడ్రస్ అనువాదాలు దాచుకునే కాష్‌లు) ఇంకా ఉండొచ్చు. అన్ని కోర్లలో వాటిని చెరిపే ఇన్‌వీఈపీటీ అయ్యాక పేజీ వదలాలి. ఇంకో మాట, నువ్వు ఈపీటీని వీసీపీయూకొకటి కడుతున్నావు. ఈపీటీ గెస్ట్‌కి చెందినది. నాలుగు వీసీపీయూలూ ఒకే గెస్ట్ మెమరీని చూస్తాయి కాబట్టి ఒకటే చాలు. లెక్క వేసి చూడు. 2 జీబీని 4 కేబీ పేజీలుగా మ్యాప్ చేస్తే 5,24,288 ఎంట్రీలు, టేబుల్‌కి 512 చొప్పున 1,024 టేబుళ్లు, అంటే 4 ఎంబీ. వీసీపీయూకొకటి కడితే 16 ఎంబీ. అదే 2 ఎంబీ పేజీలతో మ్యాప్ చేయగలిగితే ఆ 4 ఎంబీ స్థానంలో రెండు పేజీలు సరిపోతాయి. ఖర్చు కన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. నాలుగు కాపీలుంటే ఒకదాంట్లో పేజీ తీసేసి మిగతా మూడింట్లో మర్చిపోయే ప్రమాదం.

నీ క్రాష్‌లకి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఎంఎస్ఆర్ బిట్‌మ్యాప్‌ని సున్నాలతో నింపి వదిలేశావు. కెర్నల్ కోడ్‌లో సున్నాతో మొదలుపెట్టడం మంచి అలవాటే, ఇక్కడ మాత్రం అర్థం తిరగబడుతుంది. బిట్ 1 ఉంటే గెస్ట్ ఆ ఎంఎస్ఆర్‌ని ముట్టుకోగానే ఎగ్జిట్ వస్తుంది, అంటే కంట్రోల్ నీ హైపర్‌వైజర్‌కి వస్తుంది. 0 ఉంటే నేరుగా అసలు రిజిస్టర్‌నే రాస్తుంది. గెస్ట్ కెర్నల్ బూట్ అవుతూ సిస్టమ్ కాల్ ఎంట్రీ అడ్రస్‌ని ఎల్‌స్టార్ అనే ఎంఎస్ఆర్‌లో రాస్తుంది. నువ్వు దాన్ని దాచి తిరిగి పెట్టకపోతే ఎగ్జిట్ తర్వాత కూడా గెస్ట్ అడ్రసే అందులో ఉంటుంది. ఆ కోర్ మీద హోస్ట్ ప్రోగ్రామ్ చేసే తర్వాతి సిస్టమ్ కాల్ ఎక్కడికి దూకుతుందో చెప్పక్కర్లేదు. ముందు బిట్లన్నీ 1 చెయ్యి, ఆలోచించుకుని అవసరమైన వాటినే 0 చెయ్యి. కేవీఎం కూడా అలాగే మొదలుపెడుతుంది. ఐఓ బిట్‌మ్యాప్‌లదీ ఇదే తీరు.

జెన్ అనే ఇంకో హైపర్‌వైజర్ కోడ్ కూడా చదవమని చెప్తాను, హార్డ్‌వేర్ చూసేదాన్ని బట్టే పేజీ ఎక్కడ ఉండాలో తేలుతుందన్న విషయం అక్కడ చిన్న ఫంక్షన్‌లోనే కనిపిస్తుంది. ఎక్స్86లో వీసీపీయూ స్ట్రక్చర్ ఒక్క పేజీలో పట్టాలి, పట్టకపోతే కంపైలే కాదు. షాడో పేజింగ్‌తో (ఈపీటీ లేకుండా హైపర్‌వైజరే పేజీ టేబుళ్లు కట్టే పద్ధతి) నడిచే హెచ్‌వీఎం (ప్రాసెసర్ వర్చువలైజేషన్ సాయంతో నడిచే) గెస్ట్ అయితే ఆ పేజీని 4 జీబీ లోపలే అడుగుతుంది. ఆ స్ట్రక్చర్‌లోనే పీఏఈ (32 బిట్ మోడ్‌లోని ఒక పేజింగ్ పద్ధతి) పై టేబుల్ ఇమిడి ఉంటుంది, 64 బిట్ మోడ్ బయట పేజీ టేబుల్ అడ్రస్ ఉండే సీఆర్3 రిజిస్టర్ దాన్ని 4 జీబీ కిందే చూడగలదు. అవసరం లేని గెస్ట్‌లకి ఆ షరతు పెట్టదు.

వీసీపీయూని ఒక్కదాన్నే మధ్యలో తీసేయాలన్న నీ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టు. వీసీపీయూ ఫైల్ డిస్క్రిప్టర్ మూసినా కేవీఎం ఆ స్ట్రక్చర్‌ని ఫ్రీ చెయ్యదు. గెస్ట్ మొత్తం పోయినప్పుడే పోతుంది. వేరే కోర్ ఎవరైనా ఆ పాయింటర్ పట్టుకుని ఉన్నారా అని ప్రతిసారీ తేల్చుకోవడం కన్నా ఇదే క్షేమం. వీసీపీయూని హాట్ అన్‌ప్లగ్ చేస్తే (గెస్ట్ నడుస్తుండగానే తీసేస్తే), కేవీఎంని యూజర్ స్పేస్ నుంచి నడిపే క్యూఈఎంయూ దాన్ని పక్కన ఉంచుకుని, మళ్లీ కావాలన్నప్పుడు అదే వాడుతుంది.

పరీక్షించే పద్ధతి చెప్తాను. నీ అసలు ల్యాప్‌టాప్ మీద నడపడం మానెయ్యి, ఫైల్ సిస్టమ్ పాడైతే ప్రాజెక్టు రిపోర్టు కూడా పోతుంది. కేవీఎం గెస్ట్ ఒకటి పెట్టి, నెస్టెడ్ వర్చువలైజేషన్‌తో నీ మాడ్యూల్‌ని దాని లోపల నడుపు. ఈ బగ్ అక్కడ ఇంకా నికరంగా బయటపడుతుంది. నువ్వు కొత్త వీఎంసీఎస్ లోడ్ చేయగానే కింద ఉన్న కేవీఎం తను దాచుకున్న పాత వీఎంసీఎస్ పేజీ మొత్తాన్నీ మెమరీలోకి తిరిగి రాస్తుంది.

లోపల నడిచే కెర్నల్‌కి పేజ్ పాయిజనింగ్ ఆన్ చెయ్యి. కేసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేశాను, ఏమీ దొరకలేదని రాశావు. కేసాన్ పట్టుకోవాలంటే తప్పు చేసేది కంపైలర్ చేతుల్లోంచి వచ్చిన కోడ్ అయి ఉండాలి, ఇక్కడ రాసేది ప్రాసెసర్. డీబగ్ పేజ్‌అలాక్ కూడా వర్చువల్ మ్యాపింగ్ తీసేస్తుందే తప్ప ఫిజికల్ అడ్రస్‌తో వచ్చే రాతని ఆపలేదు. పాయిజనింగ్ మాత్రం ఫ్రీ అయిన పేజీని ఒక గుర్తు బైట్‌తో నింపి, మళ్లీ ఇచ్చే ముందు ఆ గుర్తు చెరిగిందా అని చూస్తుంది. ఎవరు చెరిపారన్నది దానికి అనవసరం.

మెమరీ దొరకని దారుల కోసం అలొకేషన్‌ని కావాలని విఫలం చేసే ఫెయిల్‌స్లాబ్, ఫెయిల్ పేజ్ అలాక్ అనే ఫాల్ట్ ఇంజెక్షన్లు వాడు. మూడో వీసీపీయూ బిట్‌మ్యాప్ దగ్గర అలొకేషన్ విఫలమైతే మొదటి రెండు వీసీపీయూల పేజీలు వెనక్కి వస్తున్నాయా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. మామూలుగా నడిపితే ఆ దారిలోకి ఎప్పటికీ వెళ్లవు.

ముందు వీఎంక్లియర్ ఒక్కటే సరిచేసి చూడు, మిగతావి తర్వాత ఒక్కొక్కటిగా. అన్నీ కలిపి మారిస్తే ఏది ఏ జబ్బుకి మందో తెలియదు. అప్పటికీ పడిపోతే కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో పేజ్‌అలాక్ మెమరీ కరప్షన్ అన్న లైన్ కింద హెక్స్ బైట్లు వస్తాయి, అవి పంపు. పేజీ మొదట్లోని నాలుగు బైట్లు చూడు. ఇంటెల్‌లో బైట్లు వెనక నుంచి ముందుకి ఉంటాయి కాబట్టి తిరగేసి చదువు. ఎంఎస్ఆర్ నుంచి నువ్వు చదివిన రివిజన్ నంబర్‌తో అవి సరిపోతే, ఆ పేజీ ఒకప్పుడు నీ వీఎంసీఎస్సే, ఇంకా ఏదో ఒక దారిలో క్లియర్ కాకుండా ఫ్రీ అవుతోంది. సరిపోకపోతే ఈపీటీ పూల్ వైపు వెతుకుదాం. ఆదివారాలు నేను నెల్లూరులోనే ఉంటాను, ల్యాప్‌టాప్ తీసుకుని పొద్దున పినాకిని రైలు ఎక్కి వచ్చేస్తే కలిసి కూర్చుని చూడొచ్చు.